పాలమూరు, నల్గొండల్లో వాతావరణ మార్పు ఎగ్జిబిషన్ పెడితే అందులో ఏముండాలె

రెండు ట్రేలల్ల ఎర్ర చెల్క మన్ను ఒకే ఎత్తు నింపి, ఒక దిక్కు కింద ఇటుక పెట్టి కొంచెం వాలు ఇచ్చి, వాలు చివర బొక్క కొట్టి దాని కింద ఖాళీ సీసా పెడితే ఎగ్జిబిషన్‌లో మొదటి టేబుల్ తయారైనట్టే. నీళ్లు మాత్రం చూడ్డానికి వచ్చినోళ్ల చేతికే ఇవ్వాలె. మొదటి ట్రేలో రెండు లీటర్లు చిల్లుల డబ్బాతో పది నిమిషాలు మెల్లగ చల్లాలె, రెండో ట్రేలో అవే రెండు లీటర్లు ఒక్క నిమిషంలో కుమ్మరించాలె. మొదటి సీసాలోకి కొన్నే నీళ్లు దిగుతయి, రెండో సీసాలోకి ఎర్ర బురద దబదబా వచ్చి పడ్తది, ఆ ట్రేలో వేలు గుచ్చి చూస్తే అడుగున మన్ను ఇంకా పొడిపొడిగనే ఉంటది. రెండిట్లో పడ్డ వాన ఒకటే, చేనుకు దక్కింది ఒకటి కాదు.

దీన్నే ముందు ఎందుకు పెట్టాలంటే, పాలమూరు దిక్కు ఏడాదంతా కలిపి పడేదే దాదాపు 600 మిల్లీమీటర్ల వాన, అది ఎంత పడ్డదన్న దానికంటే ఎట్ల పడ్డదన్న దాని మీదనే పంట ఆధారపడి ఉంటది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు, అందుకే పడితే ఒక్కసారే గట్టిగ పడుడు, లేకపోతే రోజుల తరబడి మొఖం చాటేసుడు అన్న తీరు పెరుగుతది. వాతావరణ శాఖ లెక్కల ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లకు చేరితే భారీ వర్షం కింద రాస్తరు, అట్లాంటి వాన ఒక్కటి పడితే పాలమూరు ఏడాది వానలో పదో వంతు ఆ ఒక్క రోజులనే వచ్చి పోయినట్టు. ట్రేల పక్కన పెద్ద అక్షరాలతో ఒక్క లెక్క చాలు: ఎకరం మీద ఒక సెంటీమీటర్ వాన అంటే దాదాపు 40 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఎండాకాలంలో ట్యాంకర్లు కొని బత్తాయి తోట బతికించుకున్న నల్గొండ రైతుకు ఇంక వేరే ఏం విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు, తన చేనులోంచి ఎన్ని ట్యాంకర్లు వాగుపాలు అయినయో తనే లెక్క కడ్తడు. తర్వాత మూడో ట్రే చూపించాలె, అందులో వాలుకు అడ్డంగ చిన్న గట్టు, మన్ను మీద వరిగడ్డి. దాంట్లో కూడ ఒక్క నిమిషంలోనే కుమ్మరిస్తే సీసాలోకి వచ్చే నీళ్లు తగ్గుతయి, రంగు కూడ తేలికైతది. భయపెట్టే ముచ్చట, చేతనయ్యే పని ఒక్క టేబుల్ మీదనే పక్కపక్కన ఉండాలె, ఎందుకంటే ఉత్త భయం చూపించి పంపిస్తే జనం గేటు దాటంగనే దాన్ని మనసులోంచి తీసేస్తరు.

చాలా ఎగ్జిబిషన్లల్ల నాలుగు టచ్ స్క్రీన్లు పెట్టి ఇదంతా ఇంటరాక్టివ్ అని రాసేస్తరు. బటన్ నొక్కితే వీడియో వస్తది, ఎవరు నొక్కినా అదే వీడియో. చేసినోడి చేతిని బట్టి ఫలితం మారకపోతే అది టీవీ చూసినట్టే, పిల్లలు రెండు నిమిషాలు నొక్కి పోతరు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ మొదలుపెట్టిన ఎక్స్‌ప్లొరేటోరియం ఇప్పటికీ ప్రపంచంలో సైన్స్ మ్యూజియంలకు పాఠం లాగ నిలబడ్డది ఎందుకంటే, అక్కడ వస్తువు మీద చెయ్యి పెట్టి తిప్పితేనే అది జవాబు చెప్తది. మన దేశంలో 2015 అక్టోబర్‌లో సైన్స్ ఎక్స్‌ప్రెస్ రైలును వాతావరణ మార్పు మీదనే 16 బోగీలతో నడిపించిన్రు, ఎగ్జిబిషన్‌నే జనం దగ్గరికి తీసుకపోయిన ఆ ఆలోచన చాలా గొప్పది. కాకపోతే దేశమంతటికీ ఒకటే బోగీలు, గద్వాల రైతు అడిగే ప్రశ్న, గౌహతి రైతు అడిగే ప్రశ్న ఒకటి కావు కదా. ఇక్కడ పెట్టేది ఇక్కడి మన్నుతోని, ఇక్కడి ఆటతోని, ఇక్కడి మగ్గంతోని పెట్టాలె.

ఆట అంటే అష్టాచెమ్మ. అందరికీ తట్టే డౌటు ఒకటుంటది, ఎండలు ఎప్పుడు లేవు, వరదలు ఎప్పుడు రాలేదు, ఇప్పుడే కొత్తగ వచ్చినయా అని. ఇది తీసిపారేసే డౌటు కాదు, దీనికి సరైన జవాబు చెప్పకపోతే మిగతా ఎగ్జిబిషన్ అంతా దండగ. నాలుగు చింతగింజలు తీసుకుని ఒక్కో దిక్కు అరగదీస్తే ఒక పక్క తెలుపు, ఒక పక్క నలుపు, ఇది ప్రతి ఇంట్ల ఆడినదే. నాలుగూ తెల్లగ పడాలంటే, అంటే చెమ్మ పడాలంటే, లెక్క ప్రకారం సగటున 16 సార్లు వేస్తే ఒకసారి పడ్తది. ఇప్పుడు అందులో ఒక్క గింజ తీసేసి రెండు దిక్కులా అరగదీసిన గింజ పెట్టి వేయమంటే 8 సార్లకు ఒకసారి పడుడు మొదలైతది, అట్లాంటివి రెండు పెడితే 4 సార్లకు ఒకసారి. వేసినోళ్లే పలక మీద గీతలు గీసుకుంటరు, మార్చక ముందు ఎన్ని, మార్చినంక ఎన్ని అని, రోజంతా వచ్చినోళ్ల గీతలన్నీ కలిపితే సాయంత్రానికి లెక్క దానంతట అదే తేలుతది. ఫలానా ఒక్క పందెంలో చెమ్మ పడితే అది మార్చిన గింజ వల్లనే పడ్డదా అంటే ఎవరూ చెప్పలేరు, మామూలు గింజలతోని కూడ పడేదే కదా, కానీ మొత్తం మీద రెట్టింపు సార్లు పడుతున్నదంటే గింజ మారిన సంగతి కాదనలేం. ఎండలు, కుండపోత వానల ముచ్చట కూడ ఇట్లనే. ఒక జాగ్రత్త అవసరం, తెలుపును ఎండ, నలుపును చలి అనుకుంటే, గింజ మార్చినంక నాలుగూ నల్లగ పడుడు అసలే ఉండదు, దాన్ని చూసి ఇంక చలి రాదన్నట్టు పిల్లలు అర్థం చేసుకోవద్దు, చలి రోజులు తగ్గుతయి గానీ మాయం కావు, ఆ మాట టేబుల్ దగ్గర నిలబడ్డోళ్లు తప్పకుండ చెప్పాలె.

మగ్గం పోచంపల్లి నుంచి రావాలె. 2018లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ ఒక్కో ఏడాదికి ఒక్కో రంగు గీత పెట్టి, చల్లటి ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు, అంకె ఒక్కటి కూడ లేకుండ వేడి పెరిగిన కథ చూపించిండు. అదే పనిని చిన్న మగ్గం మీద పేక దారంతో చేయొచ్చు, 1901 నుంచి 2018 దాకా 118 ఏండ్లు, ఏడాదికి అర అంగుళం అనుకుంటే దాదాపు ఐదు అడుగుల గుడ్డ. వచ్చినోళ్లు తలా కొన్ని పేకలు కొడుతరు, ఎవరు పుట్టిన ఏడాది వాళ్లు నేస్తరు, తాత నీలం దారం, మనవరాలు ఎర్ర దారం. ఆ 118 ఏండ్లల్ల మన దేశ సగటు వేడి పెరిగింది 0.7 డిగ్రీలు, దాదాపుగా. ఇంతేనా అంటరు, అంటారనే ఈ మగ్గాన్ని చింతగింజల టేబుల్ పక్కనే పెట్టాలె, సగటు కొంచెం జరిగితే అరుదైనవి ఎంత తొందరగ ఎక్కువైతయో ఇంతకు ముందే చేత్తోని వేసి చూసిన్రు కాబట్టి.

అందరూ పెట్టే ప్రయోగం ఒకటుంది, దాన్ని పెట్టకపోతేనే మంచిది. రెండు సీసాలు, ఒకదాంట్ల మామూలు గాలి, ఇంకోదాంట్ల కార్బన్ డయాక్సైడ్, పైన బల్బు, రెండో సీసాలో థర్మామీటర్ కొంచెం ఎక్కువ చూపిస్తది, ఇదే గ్రీన్‌హౌస్ ప్రభావం అని చెప్తరు. జవాబు కరెక్టే, కారణం తప్పు. ఆ సీసాలో వేడి ఎక్కువగ నిలిచేది ఆ గ్యాస్ బరువైంది కాబట్టి, లోపల గాలి కదలిక తగ్గి వేడి బయటికి పోక. అసలు గ్రీన్‌హౌస్ గుణమే లేని ఆర్గాన్ నింపినా ఇంచుమించు అట్లనే వేడెక్కుతది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేటాయన ఒక్కడు వచ్చి ఈ మాట అంటే ఎగ్జిబిషన్ మొత్తం మీద నమ్మకం పోతది. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికా ఆవిడ గాజు గొట్టాలను ఎండలో పెట్టి కార్బన్ డయాక్సైడ్ ఉన్నది ఎక్కువ వేడెక్కుతుందని రాసింది, ఆవిడ కథ చెప్పొచ్చు, తప్పకుండ చెప్పాలె, కానీ దాన్ని మళ్లీ చేసి చూపించి ఇదే రుజువు అనొద్దు. దాని బదులు రాత్రి పూట ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఆకాశం దిక్కు పెట్టి చూపిస్తే బాగుంటది. మబ్బు లేని దిక్కు పెడితే చాలా చల్లగ చూపిస్తది, మబ్బు మీదికి తిప్పితే అంకె టక్కున పైకి పోతది. మబ్బు పట్టిన రాత్రి ఎందుకు ఉక్కపోస్తదో, చలికాలం ఆకాశం తేటగ ఉన్న తెల్లారుజామున ఎందుకు వణుకు పుడ్తదో ఊర్లె అందరికీ ఒంటికి తెలుసు, పైనుంచి కూడ వేడి తిరిగి కిందికి వస్తదని ఈ గన్ అంకెలో చూపిస్తది. ఈ గన్ ముఖ్యంగ పట్టేది నీటి ఆవిరి, మబ్బుల నుంచి వచ్చే వేడిని, కార్బన్ డయాక్సైడ్ అదే పని వేరే తరంగాల దగ్గర చేస్తది, ఈ తేడా దాచకుండ చెప్పాలె. కరోనా టైంలో నుదుటికి పెట్టిన గన్ దీనికి పనికిరాదు, అది మనిషి ఒంటి వేడి కోసం చేసింది, కంపెనీల్లో మోటార్లకు వాడేది కొనాలె.

అదే గన్ పగలు రేకుల దగ్గర పని చేస్తది. రెండు సిమెంట్ రేకులు ఎండలో పెట్టి, ఒకటి ఉన్నది ఉన్నట్టు, ఒకటి సున్నం కొట్టి, చూసేటోళ్లనే గన్ పట్టి కొలవమనాలె, పైన కొలిచి తర్వాత కింద కూర్చొని తల మీద ఎంత మంట ఉందో చూసుకోమనాలె. కొత్త మెరిసే ఇనుప రేకు మాత్రం పెట్టొద్దు, మెరిసే లోహం మీద ఈ గన్ తక్కువ వేడి చూపిస్తది, చెయ్యి పెడితే కాల్తది గానీ అంకె చల్లగ ఉంటది. 2015 మే నెల ఎండలకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయిన్రు, ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఎండలో తిరిగే కూలీలు, రేకుల ఇంట్ల పడుకునే ముసలోళ్లు అంటే ఈ రెండు జిల్లాల్లో సగం ఊరు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం 2028 దాకా అమలు చేసేటట్టు కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అది ఆఫీసు కాగితంలో ఉన్న ముచ్చట, రేకు కింద తల పెట్టి చూసినంక సున్నం బస్తా ఎంత అని అడిగే మనిషికి ఆ కాగితం అర్థమైతది.

దీని పక్కనే ఇంకో చిన్నది, చేతి బొక్కలున్న రెండు అట్టపెట్టెలు, రెండిట్లో థర్మామీటర్ ఒకటే చూపిస్తది, 40 డిగ్రీలు, రెండిట్లో చిన్న ఫ్యాన్. ఒకదాంట్ల పొడి గాలి, ఇంకోదాంట్ల తడి గోనెసంచులతో తేమ నిండిన గాలి. చెయ్యి తడిపి లోపల పెడితే మొదటి పెట్టెలో చల్లగ తగుల్తది, రెండో దాంట్ల ఏం ఉండదు, మంట తప్ప. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అందుకే వానాకాలంలో వాన లేని రోజు మడిలో వంగి నాట్లేసే ఆడోళ్లకు థర్మామీటర్ 36 చూపించినా ప్రాణం మీదికి రావొచ్చు. ఇక్కడ మంచినీళ్లు, ఓఆర్ఎస్ పెట్టాలె, లీటర్ నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా మీద కుప్ప లేకుండ అంచు సమంగ కొలిచి వాళ్లతోనే కలిపించి తాగించాలె.

ఇప్పటి దాకా ఎగ్జిబిషన్ చెప్పింది, జనం విన్నరు. ఒక్క దగ్గరైనా జనం చెప్పాలె. దానికి కార్తెల చక్రం పనికొస్తది. గోడకు పెద్ద చక్రం, 27 కార్తెలు, ముసలి రైతులు తాము యువకులుగ ఉన్నప్పుడు మొదటి విత్తనం ఏ కార్తెలో పడేదో అక్కడ జొన్నగింజ అతికిస్తరు, ఈ మధ్య కాలంలో ఎప్పుడు పడుతున్నదో అక్కడ కందిగింజ. రోహిణిలో దుక్కి, మృగశిరలో విత్తనం అని వాళ్లు చెప్తరు. జ్ఞాపకం ఒక్కటే సాక్ష్యం అనుకోవద్దు, మంచి ఏడాదులు ఎక్కువ గుర్తుంటయి, విత్తనం ఆలస్యం కావడానికి వాన ఒక్కటే కారణం కాదు, పత్తి వచ్చింది, బోర్లు వచ్చినయి, కూలీలు దొరుకుతలేరు. అందుకే చక్రం పక్కన మండలం వానల రికార్డు కూడ అదే కార్తెల లెక్కన మార్చి పెట్టాలె. గింజలు, రికార్డు కలిసిన చోట జనానికి తమ మాట మీద ధైర్యం వస్తది, కలవని చోట మంచి చర్చ నడుస్తది, ఆ చర్చ నడిపే మనిషి ఉండాలె.

ఎగ్జిబిషన్ పెట్టేటోళ్లు ఎక్కువగ తప్పు చేసే చోటు ఇంకోటి ఉంది, కనిపించిన ప్రతి కష్టాన్ని వాతావరణ మార్పు ఖాతాలో వేసుడు. నల్గొండలో ఫ్లోరైడ్ బోర్డు పెట్టాలని ఎవరికైనా అనిపిస్తది, మర్రిగూడ, మునుగోడు పేర్లు ఎత్తితే చాలు జనం ఆగి చూస్తరు. కానీ ఆ ఫ్లోరైడ్ ఇక్కడి గ్రానైట్ రాళ్లలోంచి నీళ్లలోకి దిగింది, తాగే నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న హద్దును దాటి తరాల తరబడి మనుషుల ఎముకలు వంచింది, భూమి వేడెక్కుడు దానికి కారణం కాదు. కరువు వచ్చి బావులు ఎండి బోరు నీళ్లే దిక్కైనప్పుడు ఆ కష్టం ఎట్ల ముదురుతదో చూపించొచ్చు, అంతవరకే.

నాగార్జునసాగర్ సంగతి కూడ అంతే. 590 అడుగులు అనే నిండు మట్టం అంకె నల్గొండలో చిన్న పిల్లలకు కూడ తెలుసు, నిండకపోతే ఎడమ కాల్వ కింద నాట్లు పడవు. అయితే సాగర్ నిండుడు ఒక్క వాన చేతిలో లేదు. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటుకుని ఇక్కడికి రావాలె. ఐదు బకెట్లు మెట్ల లాగ పెట్టి పైపులు, నల్లాలు కలిపి, ఒక్కో నల్లా దగ్గర ఒక్కో పిల్లను నిలబెడితే, పైన వాన తగ్గించి పోసినప్పుడు ప్రతి ఒక్కరు ముందు తమ బకెట్ నింపుకోవాలనే చూస్తరు, చివరి బకెట్ దగ్గర నిలబడ్డ పిల్లకు సాగర్ ఆయకట్టు అంటే ఏందో తెలుస్తది. తర్వాత అదే పిల్లలతోని వరద ఆడించాలె, మగ్గు తర్వాత మగ్గు గబగబా పోసి. 2009 అక్టోబర్‌లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు అలంపూర్ మునిగింది, ఆ ఊరి వాళ్లు వస్తే నీళ్లు ఎక్కడి దాకా వచ్చినయో వాళ్లతోనే గుంజ మీద గీత గీయించాలె. అన్ని డ్యాంలు నిండి ఉన్నప్పుడు మీదికెళ్లి వరద వస్తే ఏ నల్లా ఎప్పుడు తిప్పాలె అన్నది చాలా కష్టమైన ప్రశ్న, పదేండ్ల పిల్లలు కూడ దాని మీద పోట్లాడుకుంటరు.

ఇంక తప్పెవరిది అన్న ప్రశ్న. వలస పోయి ముంబైలో మట్టి పని చేసొచ్చిన పాలమూరు కూలీకి లైట్లు ఆర్పండి, కరెంటు పొదుపు చేయండి అని బోర్డు చూపించుడు అన్యాయం. ఇక్కడ ఒక కాంటా పెట్టాలె. బొగ్గు, పెట్రోల్, గ్యాస్, సిమెంట్ లెక్కల భారతదేశంలో సగటు మనిషి వాటా ఏడాదికి దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, ప్రపంచ సగటు 5 టన్నులకు కొంచెం తక్కువ, అమెరికా మనిషిది 14 దాకా. టన్నుకు కిలో చొప్పున సంచులు కట్టి ఎత్తి చూడమంటే చేతికే తెలుస్తది. మన 2 కూడ అందరికీ సమానం కాదు, ఆటో కూడ లేని ఇంటికి, రెండు కార్లున్న ఇంటికి చాలా తేడా, అందుకని సంచిని విప్పి పంచే ఆట కూడ పెట్టొచ్చు. అట్లని మన దగ్గర పొగే లేదన్నట్టు కూడ చూపించొద్దు. దామరచర్ల మండలంలో యాదాద్రి థర్మల్ ప్లాంటు 4,000 మెగావాట్లది, బొగ్గుతో నడిచేది, బోరు మోటర్‌కు వచ్చే కరెంటులో కొంత ఇట్లాంటి ప్లాంట్ల నుంచే. కృష్ణ ఒడ్డున సిమెంట్ ఫ్యాక్టరీలు వరసగ ఉన్నయి. షాబాద్ బండ ముక్క మీద నిమ్మకాయ పిండితే చిన్న చిన్న బుడగలు లేస్తయి, అది సున్నపురాయిలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్, ఫ్యాక్టరీ బట్టీలో అదే రాయిని కాల్చినప్పుడు అదే గ్యాస్ టన్నుల కొద్దీ వస్తది. ఇది పిల్లలు ఇంట్ల మళ్లీ చేస్తరు, ఆ బండ మీద మరక పడి అమ్మ తిట్టినా సరే.

వరి గురించి చెప్పకపోతే నల్గొండలో ఎగ్జిబిషన్ పూర్తి కాదు, చెప్తే రైతు మీద నింద పడేటట్టు ఉండొద్దు. ఎప్పుడూ నీళ్లు నిలిచిన మడిలో మన్నుకు గాలి ఆడక మీథేన్ పుడ్తది, అది గాలిలో సగటున పన్నెండేండ్లే ఉంటది గానీ ఉన్నన్ని రోజులు గట్టిగ వేడి పట్టుకుంటది. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పైపు ముక్క మడిలో దిగేసి, లోపల నీళ్లు మన్ను మట్టం కంటే 15 సెంటీమీటర్లు కిందికి పోయినంక మళ్లీ తడి పెడితే దిగుబడి పెద్దగ తగ్గకుండనే నీళ్లు మిగులుతయి, మీథేన్ బాగ తగ్గుతది. పూత దశలో మాత్రం నీళ్లు ఉంచాల్సిందే. తొట్టిలో నిజం వరి మొక్కలతోని ఈ పైపు పెట్టి, స్కేలుతో కొలిచి తడి ఇయ్యాల్నా వద్దా అని రైతులనే అడగాలె. మీథేన్ అన్న మాట కంటే ముందు మోటర్ ఎన్ని గంటలు తక్కువ నడుస్తదన్న మాట రావాలె, బోరు కింద వరి వేసినోళ్లకు అదే ఆశ.

ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్నేం కాదు, జనం ఉన్న దగ్గరికే పోవాలె. కార్తీకంలో కురుమూర్తి జాతర, చలికాలం చివర చెర్వుగట్టు జాతర, రెండేండ్లకోసారి పెద్దగట్టు జాతర, వడ్లు వచ్చే రోజుల్లో మిర్యాలగూడ, సూర్యాపేట మార్కెట్ యార్డులు, వారం వారం అంగళ్లు. జాతరలో మనిషి పది నిమిషాలు నిలబడితే గొప్ప, అక్కడ చింతగింజలు, కాంటా చాలు, బడుల్లో రోజంతా ఉంటది కాబట్టి అన్నీ పెట్టొచ్చు. టేబుళ్లల్ల ఎక్కువ కరెంటు లేకుండ నడిచేవి కావాలె. అన్నింటి కంటే ఖర్చు పెట్టాల్సింది మనుషుల మీద, టేబుల్‌కు ఇద్దరు, డిగ్రీ చదివే ఊరి పిల్లలైతే మంచిది, జవాబు ముందే చెప్పకుండ ఆగే అలవాటు వాళ్లకు నేర్పాలె, అది అనుకున్నంత సులువు కాదు.

ఎంత మంది వచ్చిన్రు అన్న లెక్క రిపోర్టుకు పనికొస్తది, అంతకు మించి దానికి విలువ లేదు. పోయేటప్పుడు వచ్చే వానాకాలం లోపల చేయాలనుకున్న ఒక్క పని చీటీ మీద రాయించుకుని, వానలు పోయినంక ఫోన్ చేసి అడగాలె, గట్టు వేసిన్రా, రేకులకు సున్నం కొట్టిన్రా, పైపు పెట్టిన్రా, చేయకపోతే ఏం అడ్డం వచ్చింది. ఆ అడ్డాల లిస్టే వచ్చే ఏడాది టేబుళ్లు ఎట్ల మార్చాల్నో చెప్తది, కొన్ని సంగతులు వ్యవసాయ ఆఫీసుకు, పంచాయతీకి కూడ చేర్చాల్సి ఉంటది. బడుల్లో అయితే వదిలి రావాల్సింది పోస్టర్లు కాదు, ఒక వాన కొలిచే సీసా, ఒక నోట్‌బుక్. సీసా మూతి నుంచి అడుగు దాక ఒకే వెడల్పు ఉండాలె, లేకపోతే మిల్లీమీటర్ల లెక్క తప్పుతది, చెట్టు కింద, గోడ పక్కన కాకుండ ఖాళీ జాగాలో పెట్టాలె, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఒకే టైంకు చూసి రాయాలె. సెలవుల్లో ఎవరు రాయాల్నో మాత్రం ముందే మాట్లాడుకోవాలె, ఎందుకంటే మొదటి వానలు బడి తెరవక ముందే పడ్తయి.